బిడ్డను ఎత్తుకోవడం: మెడతో మొదలయ్యే జాగ్రత్త మెడతో ఆగదు

పసిబిడ్డను మొదటిసారి చేతుల్లోకి తీసుకోబోయేవారికి పక్కనున్నవాళ్లు తప్పకుండా చెప్పే మాట "మెడ జాగ్రత్త" అన్నది. మా మొదటి బిడ్డను నా చేతికి అందించినప్పుడు నాకూ అదే చెప్పారు. ఆ మాటలో తప్పు లేదు, కాని అది సగం మాట. మెడను ఎందుకు కాయాలి, ఎన్ని నెలలు కాయాలి, మెడ కింద చేయి పెట్టాక మిగతా ఒంటిని ఎలా ఆనించుకోవాలి అన్నవి ఎవరూ చెప్పరు. చెప్పకపోవడం వల్ల చివరికి మిగిలేది భయం. ఆ భయంతోనే చాలామంది, ముఖ్యంగా తండ్రులు, బిడ్డ కాస్త గట్టిపడేదాకా ఎత్తుకోవడానికే వెనకాడతారు. అదే బిడ్డ ఏడాది దాటి పరుగులు తీసే వేళకు, ఇక జాగ్రత్తలతో పని లేదనుకుని రెక్క పట్టుకుని పైకి లాగుతారు. మొదటిది అనవసరమైన భయం, రెండోది నిజమైన ప్రమాదం.

ఎత్తుకునే భంగిమలకు పేర్లు పెట్టి, బొమ్మలు గీసి చూపించే సూచనలు చాలానే దొరుకుతాయి. వాటిని బట్టీ పట్టడం కంటే, బిడ్డ ఒంట్లో ఏ భాగం ఏ వయసులో ఎంత లేతగా ఉంటుందో తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం. అది తెలిస్తే, ఎవరైనా కొత్త పట్టు చూపించినప్పుడు అది మంచిదో కాదో మనమే తేల్చుకోగలం. ఆ లేత భాగాలు ముఖ్యంగా నాలుగు: మెడ, ఊపిరి దారి, తుంటి, మోచేయి. ఎత్తుకునేవారి నడుమూ మణికట్టూ కూడా ఈ లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే నొప్పి పుట్టిన చేతికి పట్టు తప్పుతుంది.

తల బరువు, మెడ బలం

అప్పుడే పుట్టిన బిడ్డ నిలువు పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. పెద్దవారిలో అది సుమారు ఎనిమిదో వంతు. ఐదున్నర అడుగుల మనిషికి పసిబిడ్డ లెక్కన తల ఉంటే అది అడుగుంపావుకు మించి ఉంటుంది. అంత తలను మోయవలసిన మెడ కండరాలకు పుట్టేనాటికి దాన్ని నిలిపే సత్తువ ఉండదు. బోర్లా పడుకోబెట్టినప్పుడు తల కాస్త ఎత్తి చూడటం చాలామంది పిల్లలకు 2 నెలల వేళకు వస్తుంది. ఎత్తుకున్నప్పుడు తల తూలకుండా నిలపడం 4 నెలల వేళకు వస్తుంది. నెలలు నిండకుండా పుట్టినవారి విషయంలో ఈ నెలలను పుట్టిన రోజు నుంచి కాకుండా, పుట్టవలసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. ఎంతైనా క్యాలెండరు కంటే బిడ్డే నమ్మదగిన కొలత: కూర్చోబెట్టి పట్టుకున్నప్పుడు తల ముందుకో పక్కకో వాలిపోతోందంటే, నెలలు ఎన్ని నిండినా, చేయి తీసే సమయం ఇంకా రాలేదన్నమాట.

పడుకున్న బిడ్డను ఎత్తేటప్పుడు చేతుల కంటే నడుముకూ మోకాళ్లకూ ఎక్కువ పని ఉంటుంది. ముందు ఒక మాట పలికి, ఒంటి మీద చేయి వేసి, ఎత్తబోతున్నామని బిడ్డకు తెలియజేయాలి. ఒక అరచేతిని మెడ కిందికి జరిపి, వేళ్లు విప్పి, తల వెనక భాగమూ భుజాల పైభాగమూ ఆ ఒక్క చేతిలోనే ఇమిడేలా చూసుకోవాలి. రెండో చేయి పిరుదుల కిందికి వెళ్లాలి. ఆ తర్వాత బిడ్డను మన వైపు లాక్కోవడం కాకుండా, మనమే బిడ్డ మీదికి వంగి, మన ఛాతీ బిడ్డకు ఆనేంత దగ్గరయ్యాక, రెండు ఒళ్లూ ఒక్కటిగా పైకి లేవాలి. తల, వెన్ను, పిరుదులు మూడూ ఒకే పలక మీద పెట్టినట్టు కలిసి కదలాలి. తల వెనకపడి ఒళ్లు ముందు లేచినా, ఒళ్లు వేలాడుతూ తల ముందు లేచినా మెడ మీద భారం పడుతుంది.

మొదటి నెలల్లో బిడ్డను చంకల కింద చేతులు వేసి ఎత్తవద్దని చెప్పడానికి కారణం ఇదే. ఆ పట్టులో ఒళ్లు మన చేతుల్లో ఉంటుంది కాని తలకు ఏ ఆధారమూ ఉండదు. మెడ నిలిచాక అదే పట్టు సరైన పట్టు అవుతుంది. వయసును బట్టి ఒకే పట్టు తప్పు నుంచి ఒప్పుకు మారిపోవడమే ఈ విషయంలో జనాన్ని తికమకపెట్టేది. ఒకరు వద్దన్నదాన్ని మరొకరు చేయమంటున్నారంటే, తరచుగా వారిద్దరూ వేరు వేరు నెలల పిల్లల గురించి మాట్లాడుతున్నారని అర్థం.

తలకు ఆధారం తప్పిందని బిడ్డ తనే చెబుతుంది. తల కొద్దిగా వెనక్కి జారినా ఉలిక్కిపడి, రెండు చేతులూ బార చాపి, మళ్లీ దగ్గరికి ముడుచుకుని, ఏడుపు అందుకుంటుంది. ఎర్నస్ట్ మోరో అనే ఆస్ట్రియా శిశువైద్యుడి పేరు మీద దీన్ని మోరో ప్రతిచర్య అంటారు. 4 నుంచి 6 నెలల మధ్య ఇది క్రమంగా మాయమవుతుంది. ఉలికిపాటు వల్ల బిడ్డకు హాని జరగదు, కాని ఎత్తిన ప్రతిసారీ బిడ్డ అలా చేతులు చాపుతోందంటే మన చేయి మెడ దాకా చేరడం లేదని గుర్తించాలి.

తల పట్టుకోవడానికి భయపడేవారిని వెనక్కి లాగే మరో సంగతి మాడు. నడినెత్తిన మెత్తగా, ఒక్కోసారి నాడిలా కొట్టుకుంటూ కనిపించే ఆ చోట పుర్రె ఎముకలు ఇంకా కలుసుకోలేదు. అయితే అక్కడ మెదడు మీద ఉన్నది పలచని చర్మం మాత్రమే కాదు, దిట్టమైన పొర ఉంటుంది. తల నిమిరినా, స్నానం చేయించినా, అరచేతితో తలను మోసినా దానికేమీ కాదు. వేలి కొసలతో నొక్కకుండా, తల వెనక భాగాన్ని అరచేతితో పట్టుకుంటే చాలు. ముందు వైపు మాడు చాలామందిలో ఏడాదిన్నర వయసుకు మూసుకుంటుంది.

ఇక పట్టుల విషయం. మోచేతి వంపులో తల, ముంజేయి మీద వెన్ను, రెండో చేతిలో పిరుదులు ఉండేలా ఒడిపట్టడం అందరికీ తెలిసినదే. 1960లో లీ సాల్క్ అనే అమెరికా మనస్తత్వవేత్త గమనించినదాని ప్రకారం, కుడిచేతి వాటం తల్లుల్లో 83 శాతం మంది, ఎడమచేతి వాటం తల్లుల్లో 78 శాతం మంది బిడ్డను ఎడమ వైపే పొదువుకున్నారు. కారణం మీద నేటికీ చర్చ సాగుతూనే ఉంది. భద్రత దృష్టితో చూస్తే ఏ వైపైనా ఒకటే, కాకపోతే ఎప్పుడూ ఒకే వైపు ఎత్తుకుంటే బిడ్డ మెడా మన భుజమూ ఒకే దిక్కుకు అలవాటు పడతాయి కనుక మార్చి మార్చి ఎత్తుకోవడం మంచిది. భుజాన వేసుకునేటప్పుడు ఒక చేయి పిరుదుల కింద, మరొకటి మెడ వెనక ఉండాలి, బిడ్డ ముఖం పక్కకు తిరిగి ఉండాలి. ముంజేయి మీద బోర్లా వేసుకునే పట్టులో మన చేయి బిడ్డ కాళ్ల మధ్య నుంచి పొట్ట మీదుగా వెళ్లి ఛాతీని మోయాలి, చెంప మోచేతి వంపులో ఆనాలి. కడుపు ఉబ్బరంతో ఏడ్చే బిడ్డలు కొందరు ఈ పట్టులో ఊరట పొందుతారు. వీటిలో ఏది ఎంచుకున్నా, కింద ఒక చేయి, పైన ఒక చేయి అన్న సూత్రం మారదు.

ఊపిరి దారి

నన్నడిగితే "మెడ జాగ్రత్త" అన్న మాటకు ముందు చెప్పవలసింది "ముఖం కనబడాలి" అన్న మాట. మెడ వెనక్కి వాలితే బిడ్డ ఉలిక్కిపడుతుంది, ఏడుస్తుంది, మనం సర్దుకుంటాం. మెడ ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే మాత్రం ఏ చప్పుడూ రాదు.

పసిబిడ్డ శ్వాసనాళం వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. దాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి ఇంకా మెత్తగా ఉంటుంది. మొదటి నెలల్లో బిడ్డ ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. తల పెద్దది కనుక కూర్చున్న భంగిమలో అది తన బరువుకే ముందుకు వాలుతుంది. వాలినప్పుడు మెత్తని గొట్టాన్ని మడిచినట్టు ఊపిరి దారి ఇరుకవుతుంది. పెద్దవారైతే వెంటనే తల ఎత్తుతారు. రెండు నెలల బిడ్డకు అలా ముందుకు వాలిన తలను ఎత్తి నిలిపే బలం లేదు, గొట్టం ఇరుకైనప్పుడు ఏడవడానికి కావలసిన గాలీ ఉండదు. అందుకే ఇలాంటి ప్రమాదాలు పెద్దవాళ్లు పక్కన ఉండగానే, బిడ్డ హాయిగా నిద్రపోతోందని వాళ్లు అనుకుంటుండగానే జరుగుతాయి.

దీనివల్ల పాటించవలసిన నియమాలు రెండే. బిడ్డ ముక్కూ నోరూ మన ఒంటికి గాని, బట్టకు గాని, దిండుకు గాని ఒత్తుకోకూడదు. గడ్డానికీ ఛాతీకీ మధ్య కనీసం ఒక వేలు దూరేంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. నియమాలు చిన్నవే అయినా ఎంతో ప్రేమగా ఎత్తుకునేవారు కూడా వీటిని తప్పే సందర్భాలు ఉన్నాయి. తలకు ఆధారం ఇవ్వాలన్న ఆరాటంలో అరచేతిని తల వెనక పెట్టి ముందుకు నెట్టేవారు ఉన్నారు. అప్పుడు మెడను కాస్తున్నామనుకుంటూనే ఊపిరి దారిని మూస్తాం. పాలిచ్చేటప్పుడు తల వెనక నుంచి ఒత్తితే ముక్కు రొమ్ముకు అదుముకుపోతుంది. అందుకే చేతి బలం పడవలసిన అసలు చోటు తల వెనక ఉబ్బు కాదు, మెడ మొదలూ భుజాల పైభాగమూ. తేన్పు రావడానికి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టినప్పుడు కూడా చేతి మీద ఆనవలసింది దవడ ఎముకే. మన వేళ్లు గొంతును తాకకూడదు.

బట్టతో గాని, పట్టీల సంచితో గాని బిడ్డను ఒంటికి కట్టుకునేవారు ఈ విషయాన్ని మరింత శ్రద్ధగా చూసుకోవాలి. 2010 మార్చిలో అమెరికా వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్ ఇలాంటి జోలె సంచుల మీద హెచ్చరిక జారీ చేసింది. అంతకు ముందు 20 ఏళ్లలో వాటికి సంబంధించి కనీసం 14 మరణాలు తమ దృష్టికి వచ్చాయనీ, వాటిలో 12 మంది 4 నెలల లోపు బిడ్డలేననీ తెలిపింది. ఈ రెండో అంకె మీద ఆగి ఆలోచించాలి. ప్రమాదం జోలెలో ఉన్నది నిజమే కాని, అది మెడ నిలవని వయసుతో కలిసినప్పుడే ఎక్కువగా ప్రాణాంతకమవుతోంది. బట్ట వదులై బిడ్డ అడుగుకు జారినప్పుడు వెన్ను విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీకి చేరుతుంది, ముఖం బట్టలోకి పోతుంది. బ్రిటన్‌లో ఇలాంటి జోలెల వాడకం గురించి రూపొందించిన సూచనలు కూడా ఈ సంగతినే విడదీసి చెబుతాయి: బట్ట బిగువుగా ఉండాలి, ముఖం ఎప్పుడూ కనబడుతుండాలి, మనం తల వంచితే బిడ్డ నెత్తిని ముద్దుపెట్టుకోగలిగేంత పైన బిడ్డ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, వెన్నుకు ఆధారం ఉండాలి. బిడ్డ ముఖం బయటి వైపుకు ఉండేలా కట్టుకోవడం మెడ గట్టిగా నిలిచాక చేయవలసిన పని. అది కూడా బిడ్డ మెలకువగా ఉన్నంతసేపే.

ఒంటికి కట్టుకోవడమే చెడ్డదని ఎవరైనా దీన్నుంచి అనుకుంటే పొరపాటు. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో, బరువు తక్కువగా పుట్టిన బిడ్డలను తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచే పద్ధతిని మొదలుపెట్టారు. కంగారూ సంరక్షణ అని దానికి పేరు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సిఫారసుల్లో, నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటల దాకా కొనసాగించాలని చెప్పింది. అత్యంత బలహీనమైన బిడ్డలకే ఇది ప్రాణరక్షణ అవుతున్నదంటే, తేడా అంతా బిడ్డను ఉంచే తీరులోనే ఉంది. ఆ పద్ధతిలో బిడ్డ తల పక్కకు తిరిగి, గడ్డం కొద్దిగా పైకి లేచి ఉంటుంది. కాళ్లు కప్పలా ముడిచి, పొట్ట ఒత్తుకోకుండా ఉంటుంది. కట్టిన గుడ్డ పై అంచు చెవి దాకా వచ్చి తలను నిలుపుతుంది.

బిడ్డను ఛాతీ మీద వేసుకుని సోఫాలోనో చేతుల కుర్చీలోనో నిద్రలోకి జారుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడనిది. నిద్రలో చేయి వదులవుతుంది, బిడ్డ మన ఒంటికీ మెత్తకూ మధ్య సందులోకి జారుతుంది. కళ్లు మూతలు పడుతున్నాయనిపించినప్పుడే లేచి బిడ్డను దాని పడకలో వెల్లకిలా పడుకోబెట్టాలి, లేదా మరొకరి చేతికివ్వాలి. రాత్రిళ్లు నిద్ర లేని తల్లిదండ్రులకు ఇది పాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఈ ఒక్కచోట రాజీకి తావు లేదు.

తుంటి ఎందుకు ముడిచి ఉండాలి

గర్భంలో బిడ్డ మోకాళ్లు పొట్టకు చేర్చుకుని నెలల తరబడి ఉంటుంది. పుట్టిన తర్వాత కూడా కొంతకాలం కాళ్లు అలాగే ముడిచి, తొడలు పక్కలకు విచ్చుకుని ఉంటాయి. తుంటి గిన్నె అప్పటికి చాలావరకు మృదులాస్థే; తొడ ఎముక గుండు అందులో సరిగ్గా కూర్చుని ఒత్తుతూ ఉంటేనే ఆ గిన్నె లోతుగా, గుండ్రంగా తయారవుతుంది. కాళ్లను బలవంతంగా చాపి, దగ్గరికి చేర్చి, అలాగే గంటల తరబడి ఉంచితే గుండు గిన్నె అంచుకు జరిగే ప్రమాదం ఉంది. పొత్తిళ్లలో కాళ్లు నిటారుగా బిగించి చుట్టవద్దని ఎముకల వైద్యులు చెప్పేది ఇందుకే. జపాన్‌లో 1970లలో, పసిబిడ్డల కాళ్లను అలా చాపి ఉంచవద్దని దేశవ్యాప్తంగా ప్రచారం చేశాక, తుంటి తొలగిన బిడ్డల సంఖ్య అంతకు ముందున్నదానిలో చిన్న భాగానికి పడిపోయింది.

ఎత్తుకోవడానికి వస్తే, మంచి పట్టులో బిడ్డ తొడలు రెండు వైపులా విచ్చుకుని, మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైన ఉంటాయి. బరువు పిరుదుల మీదా తొడల మీదా పడుతుంది. బిడ్డ నడుము నిలిపి కూర్చోగలిగే వయసు వచ్చాక చంకన ఎత్తుకోవడం తుంటికి ఎంతో అనువైనది, ఎందుకంటే బిడ్డ తనంత తానే కాళ్లు ఎడం చేసి మన నడుమును చుట్టుకుంటుంది. కాళ్ల మధ్య సన్నని పట్టీ మాత్రమే ఉండి, తొడలు నిలువుగా వేలాడే సంచులు అంత మంచివి కావు. పది నిమిషాలు అలా మోస్తే తుంటి పాడవుతుందని కంగారుపడనక్కరలేదు. మొదటి 6 నెలల్లో, రోజూ, గంటల తరబడి అన్నప్పుడే అది లెక్కలోకి వస్తుంది. డైపరు మార్చేటప్పుడు రెండు మడమలూ కలిపి పట్టుకుని పైకి లాగే బదులు, పిరుదుల కింద చేయి పెట్టి లేపడమో, పక్కకు దొర్లించడమో చేయాలి.

రెక్క పట్టి లాగితే

తప్పటడుగుల వయసు వచ్చాక ప్రమాదం మెడ నుంచి మోచేతికి మారుతుంది. ముంజేతిలోని రెండు ఎముకల్లో బొటనవేలి వైపు ఎముక పైకొనను, మోచేతి దగ్గర ఉంగరంలా చుట్టుకున్న స్నాయువు పట్టి ఉంచుతుంది. చిన్నపిల్లల్లో ఈ ఉంగరం ఇంకా వదులుగా ఉంటుంది. చేయి చాచి ఉన్నప్పుడు మణికట్టు పట్టుకుని ఒక్కసారిగా లాగితే ఎముక కొన ఉంగరం నుంచి కొద్దిగా జారి, స్నాయువు ఎముకల మధ్య ఇరుక్కుంటుంది. ఇది ఎక్కువగా 1 నుంచి 4 ఏళ్ల మధ్య పిల్లల్లో కనిపిస్తుంది. 5 ఏళ్లు దాటితే స్నాయువు గట్టిపడి అరుదవుతుంది.

దీనికి పెద్ద బలమేమీ అక్కరలేదు. నడుస్తూ తూలిన బిడ్డను పడకుండా చేయి పట్టి గుంజడం, మారాం చేస్తూ నేలకు వేలాడే బిడ్డను రెక్క పట్టి లేపడం, ఇద్దరు పెద్దవాళ్లు చెరో చేయి పట్టుకుని ఊపడం, చేతులు పట్టుకుని గిరగిరా తిప్పడం, బిగుతైన చొక్కా చేతిలోంచి చేతిని లాగడం, వీటిలో ఏదైనా చాలు. ఇవన్నీ ప్రేమతోనో తొందరలోనో రోజూ జరిగేవే. అందుకే ఈ గాయం తగిలిన బిడ్డ తల్లిదండ్రులను దోషులుగా చూడటం నాకు ఎన్నడూ సబబుగా తోచలేదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. బిడ్డ క్షణకాలం గట్టిగా ఏడ్చి, ఆ తర్వాత ఆ చేతిని వాడటం మానేస్తుంది. చేయి కొద్దిగా వంచి, అరచేయి లోపలికి తిప్పి, ఒంటికి ఆనించి పెట్టుకుంటుంది. కదపనంతసేపు నొప్పి అంతగా కనిపించదు, వాపూ ఉండదు. ఇంట్లో లాగి సరిచేయబోకూడదు. వైద్యుడు చేతిని ఒక పద్ధతిలో తిప్పి, వంచి, క్షణాల్లో స్నాయువును దాని చోటికి చేరుస్తారు. చాలామంది పిల్లలు కొద్ది నిమిషాలకే ఆ చేతితో బొమ్మ అందుకుంటారు. వాపు ఉన్నా, చేయి ఆకారం మారినా, బిడ్డ పైనుంచి పడి ఉన్నా అది ఎముక విరగడం కావచ్చు కనుక చేతిని కదపకుండా తీసుకెళ్లాలి. ఒకసారి జారిన మోచేయి మళ్లీ జారే అవకాశం ఉంది కాబట్టి, ఆ బిడ్డను ఎత్తుకునే ప్రతివారికీ ఆ సంగతి చెప్పి ఉంచాలి.

నడిచే బిడ్డను ఎత్తవలసిన తీరు వేరు. బిడ్డ ఎదురుగా గొంతుకు కూర్చుని, చంకల కింద నుంచి రెండు అరచేతులతో ఛాతీ గూటిని చుట్టి పట్టుకుని, ముందు మన ఒంటికి ఆనించుకుని, ఒక చేయి పిరుదుల కిందికి మార్చాక అప్పుడు లేవాలి. నేల మీద పడి దొర్లుతూ ఏడ్చే బిడ్డను నిలబడే ఎత్తబోతే వెనక్కి విరుచుకుని చేజారుతుంది. పక్కన కూర్చుని, వెనక నుంచి రెండు చేతులతో ఛాతీకి పొదువుకుని, ఒళ్లు వదులయ్యాక లేపడమే క్షేమం. బరువు ఎప్పుడూ మొండెం మీద ఉండాలి, చేతుల మీద కాదు.

కుదపడం అన్న ఒక్క పని

ఎత్తుకునే తీరులో ప్రాణం తీసేది ఒకటుంది. ఏడుపు ఆపడానికి బిడ్డను భుజాలు పట్టుకుని బలంగా కుదపడం. బరువైన తల బలహీనమైన మెడ మీద ముందుకూ వెనక్కూ కొట్టుకుంటే, మెదడు పైనున్న సన్నని సిరలు తెగుతాయి, కంటి లోపలి పొరలో రక్తస్రావం అవుతుంది, మెదడు వాస్తుంది. అమెరికా వైద్యుడు జాన్ కాఫీ 1970ల తొలి ఏళ్లలో దీన్ని వివరించారు. బతికిన పిల్లల్లో చాలామందికి చూపు, నడక, చదువు దెబ్బతింటాయి. ఒళ్లో కూర్చోబెట్టుకుని మెల్లగా ఆడించడం, భుజాన వేసుకుని మెట్లు దిగడం, గతుకుల దారిలో ప్రయాణం, ఇవి ఆ గాయాన్ని కలిగించవు. ఆ భయం పెట్టుకోనక్కరలేదు. గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం వేరే రకం ప్రమాదం, ఒక్కసారి పట్టు తప్పితే చాలు, కనుక అదీ మానుకోవాలి.

పసిబిడ్డల ఏడుపు రెండో నెలలో తారస్థాయికి చేరి, 3, 4 నెలలకు తగ్గుతుంది. ఈ వక్రరేఖను తెలుసుకున్న తల్లిదండ్రులకు, గుక్కపట్టే ఏడుపు తమ చేతగానితనానికి గుర్తు కాదని తెలుస్తుంది. చేతుల్లో కోపం పాకుతోందని అనిపించిన క్షణాన బిడ్డను పడకలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, కొద్ది నిమిషాలు పక్క గదిలో నిలబడాలి. ఏడుస్తూ పది నిమిషాలు ఒంటరిగా ఉన్న బిడ్డకు ఏమీ కాదు.

మోసేవారి ఒళ్లు

బరువును మించి దూరం వెన్నును నొప్పిస్తుంది. 10 కిలోల బిడ్డను ఒంటికి 10 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నప్పటి కంటే, చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరంలో ఎత్తినప్పుడు ఆ బరువు నడుము మీద వేసే తిప్పుబలం 5 రెట్లు. తొట్టి కటకటాల మీదుగా వంగి, చేతులు చాచి, ఆపైన నడుము మెలితిప్పి పక్కకు దించడం వెన్నుకు అన్నిటికంటే చెడ్డ పని. కటకటాలను దించి, దగ్గరగా నిలిచి, మోకాళ్లు వంచి, తిరగవలసి వస్తే నడుముతో కాక పాదాలతో తిరగాలి. చంకన వేసుకున్నప్పుడు ఒక తుంటిని పక్కకు తోసి నిలబడే అలవాటు ఉన్నవారు కొద్దిసేపటికోసారి వైపు మార్చుకోవాలి. ప్రసవం తర్వాత కొన్ని నెలల దాకా తల్లి కీళ్ల స్నాయువులు వదులుగానే ఉంటాయి. ఆపరేషన్‌తో ప్రసవమైనవారిని సుమారు 6 వారాల పాటు ఆ పసిబిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తవద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు. ఇంట్లో రెండేళ్ల పెద్దబిడ్డ ఉంటే, తల్లి కూర్చుంటే ఆ బిడ్డే ఒడిలోకి ఎక్కేలా ఏర్పాటు చేసుకోవచ్చు.

మణికట్టు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. బొటనవేళ్లను పైకి చాచి, మిగతా వేళ్లతో బిడ్డ చంకల కింద పట్టుకుని రోజుకు లెక్కలేనన్ని సార్లు ఎత్తితే, బొటనవేలి మొదట్లో మణికట్టు పక్కన స్నాయువు తొడుగు వాచి, పిడికిలి బిగించినప్పుడు చురుక్కుమంటుంది. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడి పేరుతో డి కెర్వెయిన్ వ్యాధి అంటారు. బొటనవేలిని మిగతా వేళ్లకు చేర్చి, అరచేతులు పైకి పెట్టి, బిడ్డను దోసిట్లోకి తీసుకున్నట్టు ఎత్తితే, బరువు మణికట్టు నుంచి ముంజేతికి మారుతుంది.

బిడ్డ చేతుల్లో ఉండగా వేడి కాఫీ తాగకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, మెట్ల మీద ఒక చేయి కటకటాల మీద ఉండాలి. చేతులు మార్చేటప్పుడు, తీసుకునేవారు "పట్టుకున్నాను" అని పైకి చెప్పేదాకా ఇచ్చేవారు వదలకూడదు. చిన్న పిల్లలకు తమ్ముణ్నో చెల్లెల్నో ఎత్తుకోవాలనిపిస్తే, వాళ్లను నేల మీదో మంచం మధ్యలోనో కూర్చోబెట్టి ఒళ్లో పెట్టాలి.

కారులో ఒడి పనికిరాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నయినా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగితే, 5 కిలోల బిడ్డను ఆపడానికి కావలసిన బలం సుమారు 70 కిలోల బరువుకు సమానం. ఆ క్షణాన ఏ చేతులూ దాన్ని నిలపలేవు. పిల్లల సీటు ఒక్కటే దారి. బండి దిగాక అదే సీటులో బిడ్డను గంటల తరబడి నిద్రపోనివ్వకూడదు, ఎందుకంటే అక్కడ కూడా గడ్డం ఛాతీకి వాలుతుంది.

దించడం

ఎత్తుకున్న బిడ్డ నడుస్తుంటే ఊరుకుని, కూర్చుంటే మళ్లీ ఏడవడం అందరూ చూసిందే. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో కుమి కురోదా బృందం 2013లో దీన్ని కొలిచింది. తల్లి ఎత్తుకుని నడిచినప్పుడు బిడ్డ గుండె వేగం తగ్గింది, ఒంటి కదలికలు తగ్గాయి. 2022లో అదే బృందం నిద్రపుచ్చే క్రమాన్ని పరిశీలించి, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని 5 నిమిషాలు ఒకే తీరుగా నడిచి, నిద్రపోయాక మరో 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకునే కూర్చుని, ఆ తర్వాత పడుకోబెట్టమని సూచించింది. వారు గమనించినదాన్ని బట్టి, బిడ్డ మేల్కొనేది వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, తన ఒళ్లు ఎత్తుకున్నవారి ఒంటి నుంచి విడివడడం మొదలైనప్పుడు.

కనుక దించేటప్పుడు చేతులు చాచి బిడ్డను కిందికి పంపకూడదు; ఎత్తినప్పుడు వంగినట్టే వంగి, ఛాతీ ఆనించే ఉంచి, మనమే పరుపు దాకా వెళ్లాలి. మొదట పిరుదులు, తర్వాత వెన్ను, చివరగా తల పరుపును తాకాలి. తల ముందు తగిలితే మోరో ఉలికిపాటు వచ్చి అప్పటిదాకా పడిన శ్రమ వృథా అవుతుంది. పిరుదుల కింది చేతిని ముందు తీసి, దాన్ని బిడ్డ ఛాతీ మీద తేలికగా ఉంచాలి. మెడ కింది చేయి మరికొన్ని క్షణాలు అక్కడే ఉండి, బిడ్డ ఊపిరి ఒకే తీరున సాగుతున్నదని తెలిశాక, వేళ్లు ఒక్కొక్కటిగా పరుపు వైపు వాలుస్తూ మెల్లగా బయటికి రావాలి.